కొండకోటలో పుట్టిన జాతి: లెసోతో చరిత్ర, పాలన, మతం

దక్షిణాఫ్రికా పటాన్ని ఎదుట పెట్టుకొని చూస్తే, దాని లోపల తూర్పువైపున, చుట్టూ ఒకే దేశం ఆవరించి ఉన్న చిన్న రాజ్యం ఒకటి కనిపిస్తుంది. దానికి సముద్రతీరం లేదు. ఇరుగుపొరుగు అనదగిన రెండవ దేశం లేదు. ఏ దిక్కున కాలు బయట పెట్టినా అది దక్షిణాఫ్రికా నేలయే. దాని వైశాల్యం 30,355 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఇరవై లక్షలకు కొంచెం పైన. ఆ రాజ్యం పేరు లెసోతో. 1966 వరకు ఆంగ్లేయులు దానిని బసూతోలాండ్ అని పిలిచినారు.

సాధారణంగా ఏ దేశానికైనా ఎక్కడో ఒకచోట పల్లపు నేల ఉంటుంది. లెసోతోకు అది కూడా లేదు. అక్కడ అన్నిటికంటె పల్లంగా ఉన్న చోటు సైతం సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్నది. 3,482 మీటర్ల ఎత్తున్న తబానా న్త్‌లెన్యానా శిఖరం ఆఫ్రికా దక్షిణభాగమంతటిలో మిక్కిలి ఎత్తయినది. చలికాలంలో ఆ కొండలపై మంచు కురుస్తుంది. భుజాలమీద ఉన్ని కంబళి కప్పుకొని, పొట్టి గుర్రమెక్కి కొండదారులలో పోయే మనిషి ఆ దేశానికి గుర్తు. ఆఫ్రికా అనగానే ఎడారులూ దట్టమైన అడవులూ మాత్రమే మనస్సున మెదలే మనకు ఇది కొంత వింతగా తోచవచ్చు.

పేర్ల విషయమై ఒక మాట మనవి చేయాలి. మన భాషలో ప్రత్యయాలు మాట చివర చేరుతాయి. వారి భాషలో ముందు చేరుతాయి. ఒక మనిషి అయితే మొసోతో, జనులందరూ బసోతో, వారి భాష సెసోతో, వారి దేశం లెసోతో. మూలం ఒకటే, ముందున్న అక్షరం మారుతుంది. దేశం, భాష, ప్రజ అనే మూడూ ఒకే మాటకు మూడు రూపాలు కావడం ఆ జాతి చరిత్రకు తగినట్లుగానే ఉన్నది.

ఈ చిన్న రాజ్యం అసలు ఎట్లా మిగిలినది? పందొమ్మిదవ శతాబ్దంలో దాని చుట్టూ ఉన్న జాతులలో దీనికంటె బలమైనవి ఉన్నవి. జూలూ రాజ్యం యుద్ధంలో ఓడి విచ్ఛిన్నమైనది. ఖోసా జాతి నేలను కోల్పోయినది. వారి దేశాలు తరువాత తెల్లవారి దక్షిణాఫ్రికాలో కలిసిపోయినవి. లెసోతో మాత్రం పరిమాణంలో సగం చిక్కినా పేరు పోగొట్టుకోలేదు. దానికి కారణాన్ని వెదుకుతూ పోతే మనం ఒక కొండ దగ్గరికీ, ఒక మనిషి దగ్గరికీ చేరుకుంటాము. ఆ కొండ తాబా బోసియు. ఆ మనిషి మొదటి మొష్వేష్వే.

మొష్వేష్వే సుమారు 1786లో మెన్ఖోవానెంగ్ అనే చోట ఒక చిన్న నాయకుని ఇంట పుట్టినాడు. తండ్రి మొఖచానే పేరు పొందిన ప్రభువేమీ కాదు. కొన్ని పల్లెలకు పెద్ద. బాలునికి మొదట పెట్టిన పేరు లెపోకో. యౌవనంలో అతడు పొరుగు నాయకుని పశువులను తోలుకొని వచ్చి, ఆ నాయకుని గడ్డం నున్నగా గీసివేసినానని చెప్పుకొన్నాడట. మంగలికత్తి గీసేటప్పుడు వినవచ్చే చప్పుడును అనుకరించే మాటయే మొష్వేష్వే. పశువులను దోచుకొనడంతో వచ్చిన పేరు చివరకు శాంతిని కోరిన రాజుకు నిలిచినది.

ఆ మార్పునకు కారకుడు మొహ్లోమి అనే వృద్ధుడని బసోతోలు చెపుతారు. అతడు నాయకుడు, వైద్యుడు, దేశసంచారి. అధికారం కోరి వచ్చిన యువకునికి అతడు మంత్రమూ తాయెత్తూ ఇవ్వలేదు. బీదలను ఆదరించుమనీ, న్యాయం తప్పవద్దనీ, మంత్రగాళ్ళన్న నేరం మోపి మనుష్యులను చంపవద్దనీ, యుద్ధంకంటె సంధి మేలనీ బోధించినాడు. ఆ ఉపదేశం ఎంత విలువైనదో కొద్ది సంవత్సరాలలోనే తెలియవచ్చినది.

1820 ప్రాంతంలో ఆ భూభాగమంతా అల్లకల్లోలమైనది. తూర్పున జూలూ రాజ్యం పెరుగుతున్నది. అక్కడినుండి చెదరగొట్టబడిన దళాలు కొండలు దాటి వచ్చి పడుతున్నవి. వారి తాకిడికి కదిలిన జాతులు మరికొన్ని జాతులపై పడుతున్నవి. కరవు, బానిసల వేట, తుపాకులు పట్టిన దోపిడిగాండ్ర దాడులు దీనికి తోడైనవి. పంటలు కాలిపోయినవి, పశువులు పోయినవి, పల్లెలు పాడుపడినవి. ఆకలికి తాళలేక కొందరు నరమాంసభక్షకులైనారు. సెసోతో భాషలో ఈ కాలానికి లిఫకానే అని పేరు.

అప్పుడు మొష్వేష్వే బూతా బూతే అనే కొండమీద ఉండేవాడు. 1824లో త్లోకువా జాతివారు ఆ కొండను ముట్టడించినారు. ఆ జాతిని బాలుడైన కుమారుని పేర ఏలినది మన్‌తతిసి అనే రాణి. ముట్టడి ఎట్లాగో తొలగినది కాని ఆ కొండ చాలదని అతడు గ్రహించినాడు. నైరుతి దిక్కున మరొక కొండ ఉన్నదని విని, ముసలివారినీ పిల్లలనూ వెంటబెట్టుకొని చలిలో ప్రయాణమైనాడు. దారిలో వెనుకబడిన అతని తాత పీతేను నరమాంసభక్షకులు పట్టుకొని చంపి తినివేసినారు. మిగిలినవారు తాబా బోసియు చేరుకున్నారు. ఆ పేరునకు రాత్రికొండ అని అర్థం. రాత్రివేళ చేరుకున్నందున ఆ పేరు వచ్చిందని కొందరూ, శత్రువు చూస్తుండగా రాత్రివేళ కొండ పెరుగుతుందనే నమ్మకంవల్ల వచ్చిందని కొందరూ చెపుతారు.

తాబా బోసియు మహోన్నతమైన పర్వతమేమీ కాదు. చుట్టూ ఉన్న లోయకంటె సుమారు వంద మీటర్ల ఎత్తు ఉంటుంది. పైభాగం బల్లపరుపు, అంచులు నిట్టనిలువు ఇసుకరాతి గోడలు. పైకెక్కడానికి ఇరుకు దారులు కొన్ని మాత్రమే. పైన ఊటబావులు ఉన్నవి. పశువులకు మేత ఉన్నది. గిరిదుర్గానికి ఇంతకంటె కావలసినదేమున్నది? మొష్వేష్వే జీవించి ఉన్నంతకాలం ఆ కొండను ఏ సైన్యమూ జయించలేకపోయినది.

కొండ రక్షణ ఇచ్చినది కాని ప్రజను ఇవ్వలేదు. ప్రజను మొష్వేష్వే సమకూర్చుకున్నాడు. తన తాతను తినినవారు పట్టుబడినప్పుడు వారిని చంపుమని అనుచరులు కోరినారు. ఆయన ఒప్పుకొనలేదు. తాతకు ఇప్పుడు వీరి కడుపులే సమాధి. సమాధిని చెరచడం తగదన్నాడట. వారికి శుద్ధి చేయించి, నేల ఇచ్చి, దున్నుకొని బ్రతకుమన్నాడు. ఈ కథను ఈనాటికీ బసోతోలు తమ జాతికి పునాదిగా చెప్పుకుంటారు. దీనిలోని దయ సంగతి అటుంచి, రాజనీతిని చూడండి. పగ తీర్చుకుంటే కొన్ని శవాలు మిగిలేవి. క్షమించినందువల్ల కొన్ని కుటుంబాలు మిగిలినవి.

అట్లా చెదరిన జాతులవారందరూ ఒక్కొక్కరే ఆ కొండనీడకు చేరినారు. వచ్చినవానికి తిండి కావాలి. దానికి అక్కడ మఫీసా అనే పాత ఆచారం ఒకటి ఉన్నది. పశువులున్నవాడు లేనివానికి కొన్ని ఆవులను అప్పగిస్తాడు. పాలు, దున్నకం పుచ్చుకొన్నవానివి. పశువులు మాత్రం యజమానివి. మొష్వేష్వే ఈ ఆచారాన్ని రాజ్యనిర్మాణానికి సాధనంగా చేసుకొన్నాడు. మనుష్యులను కత్తితో కట్టి ఉంచే రాజులు చాలామంది. ఈయన పాడియావుతో కట్టి ఉంచినాడు.

శత్రువుల యెడల కూడా ఇదే పద్ధతి. 1831లో మ్జిలికాజీ పంపిన న్‌డెబెలే సైన్యం కొండపైకి ఎక్కబోయినది. బసోతోలు పైనుండి బండలు దొర్లించి వారిని తిప్పికొట్టినారు. ఓడి మరలిపోతున్న ఆ సైన్యానికి మొష్వేష్వే బలిసిన ఎద్దులను కానుకగా పంపించినాడు. ఆకలి వారిని ఇంత దూరం తెచ్చి ఉంటుంది, తిని ఇంటికి పోవచ్చునని ఆయన సందేశం. ఆ సైన్యం మళ్ళీ రాలేదు.

ఇక మతం మాటకు వద్దాము. బసోతోల పూర్వవిశ్వాసంలో మొదిమో అనే పరమదైవం ఉన్నాడు. ఆయన దూరాన ఉన్నవాడు. మానవుల నిత్యజీవితంతో సంబంధం గలవారు బదిమో, అనగా గతించిన పితరులు. వాన రాకపోయినా, రోగం వచ్చినా, పశువులు చచ్చినా పితరులు అలిగినారని భావించి ఎద్దును బలి ఇచ్చి, బంధువులందరూ కూడి భుజిస్తారు. పితృదేవతలకు తద్దినం పెట్టే మనకు ఇది బొత్తిగా తెలియని భావం కాదు. బాలురు యుక్తవయస్కులు కాగానే కొండలలో కొంతకాలం ఏకాంతంగా ఉంచి, సున్తీ చేసి, జాతి సంప్రదాయాలను నేర్పే దీక్ష కూడా ఉన్నది. దానిని లెబోల్లో అంటారు.

1833లో పారిస్ ప్రొటెస్టెంట్ మిషన్‌కు చెందిన ముగ్గురు ఫ్రెంచివారు, యూజేన్ కసాలిస్, తోమా అర్బూసె, కాన్స్‌టాంట్ గోసెలిన్ అనేవారు లెసోతో చేరినారు. వారు పిలువని పేరంటానికి రాలేదు. మతగురువులు ఉన్నచోట శాంతి ఉంటుందని విన్న మొష్వేష్వే వారికోసం పశువులను పంపి మరీ కబురు చేసినాడు. వారు స్థాపించిన మొరిజా గ్రామం సెసోతో వాఙ్మయానికి పుట్టినిల్లు అయినది. భాషకు లిపి ఏర్పడినది, ముద్రణాలయం వచ్చినది. 1863లో లెసెలిన్యానా లా లెసోతో, అనగా లెసోతో చిరుదీపం అనే పత్రిక ప్రారంభమైనది. అక్కడి చదువుతో పైకి వచ్చిన థామస్ మొఫోలో 1925లో ప్రకటించిన చాకా నవల ఆఫ్రికా భాషలలో వెలువడిన గొప్ప రచనలలో ఒకటిగా పేరు గాంచినది.

మొష్వేష్వేకు కొత్త మతం కావలసినది. దానితో వచ్చే చదువూ, బయటి ప్రపంచంతో మాట్లాడే నోరూ కావలసినవి. కసాలిస్ ఆయనకు చాలాకాలం ఉత్తరప్రత్యుత్తరాలలో సలహాదారుగా ఉన్నాడు. కాని రాజు తానుగా జ్ఞానస్నానం పొందలేదు. కారణం ఊహించవచ్చును. ఆయనకు అనేకమంది భార్యలు. ఆ వివాహాలు కేవలం కోరికకు సంబంధించినవి కావు. ఒక్కొక్క వివాహం ఒక్కొక్క వంశంతో సంధి. వాటిని తెంచుకొంటే రాజ్యం చీలిపోతుంది. అయినా క్రైస్తవం పుచ్చుకొన్న భార్యలు కొందరిని ఆయన వివాహబంధం నుండి విడిపించినాడు. 1862లో రోమన్ కాథలిక్ గురువులు బిషప్ అలార్డు, ఫాదర్ జెరార్డు వస్తే వారికీ స్థలం ఇచ్చినాడు. వారు వెలసిన చోటికి రోమా అని పేరు వచ్చినది. ఒక శాఖ చెప్పినట్లు వినకుండా రెండు శాఖలనూ ఇంట ఉంచుకొనడం ఆయన నేర్పు. ఆ ఇరువురి పోటీ శతాబ్దం తరువాత ఏ రూపం తాల్చినదో ముందు చూడగలము.

పాలనావిధానం ఆ దేశానికి నిజమైన సంపద. ఊరిపెద్ద ఇంటి ముందు ఖోత్లా అనే సభాస్థలం ఉంటుంది. తగవులు అక్కడ తీరుతాయి. సభలో పలికిన మాటకు ఎవరినీ శిక్షించరాదని వారి సామెత. దేశానికంతటికీ సంబంధించిన విషయమైతే పిత్సో జరుగుతుంది. ఆ మాటకు పిలుపు అని అర్థం. పెళ్ళయి ఇల్లు నిలుపుకొన్న పురుషులు వేలకొద్దీ చేరి, రాజు సమక్షంలోనే రాజును విమర్శించేవారు. రాజు అందరి మాటలూ విని, చివరకు సభ మొగ్గు ఎటు ఉన్నదో చూచి తీర్పు చెప్పేవాడు. ప్రజలుంటేనే ప్రభువు ప్రభువు అనే అర్థంగల సామెత వారి నోట తరచుగా వినవస్తుంది. ఇందులో లోపాలు లేకపోలేదు. స్త్రీలకు ఆ సభలో చోటు లేదు. పెద్ద నాయకుల పలుకుబడి పెద్దదే. అయినా అడిగే హక్కూ, వినవలసిన బాధ్యతా అక్కడ ఆచారంగా నిలిచినవి.

మొష్వేష్వే వెలువరించిన శాసనాలు కొన్ని వ్రాతలో మిగిలినవి. 1854లో తెల్లవారి సారాయిని నిషేధించినాడు. 1855లో మంత్రగత్తె, మంత్రగాడు అని ఆరోపించి మనుష్యులను చంపడాన్ని నిషేధించినాడు. మొహ్లోమి మాట ఆయనకు జ్ఞాపకం ఉన్నదన్నమాట. 1859 శాసనంలో, బయటి వర్తకులు దేశంలో అంగడి పెట్టుకొనవచ్చును గాని నేల మాత్రం వారిది కాదని స్పష్టం చేసినాడు. ఒకసారి నేలను అమ్ముకున్న ఆఫ్రికా నాయకుల గతి ఏమైనదో ఆయన చుట్టూ చూస్తూనే ఉన్నాడు.

అసలైన ఉపద్రవం నేల విషయంలోనే వచ్చినది. దక్షిణ తీరంలోని కేప్ ప్రాంతం నుండి బోయర్లు అనే డచ్చి సంతతి రైతులు 1830 తరువాత బండ్లు కట్టుకొని ఉత్తరానికి వచ్చినారు. మొదట దారిన పోయేవారమని, పశువులు మేపుకొంటామని అన్నారు. తరువాత ఇండ్లు కట్టినారు. ఆ తరువాత ఆ నేల తమదన్నారు. కాలెడన్ నదికి ఇరువైపులా ఉన్న సారవంతమైన లోయ బసోతోల ధాన్యాగారం. దానికై తగవు ముదిరినది. నడుమ ఆంగ్లేయులు ప్రవేశించి 1843లో ఒక గీత, 1849లో మరొక గీత గీసినారు. రెండవ గీత బోయర్లకు అనుకూలమైనది.

1852 డిసెంబరులో ఆంగ్ల గవర్నరు కాత్‌కార్ట్ సైన్యంతో వచ్చి పదివేల పశువులను అపరాధంగా చెల్లించుమన్నాడు. మొష్వేష్వే కొంత చెల్లించినాడు. గవర్నరు తృప్తి పడక దండెత్తినాడు. ఆశ్చిక సేనలో ఆరితేరిన బసోతోలు ఆంగ్లసేనను వెనుకకు తట్టినారు. గెలిచిన ఆ రాత్రియే మొష్వేష్వే కసాలిస్ సాయంతో ఒక లేఖ వ్రాయించినాడు. తమరు మమ్ములను దండించినారు, తమ బలం చూపించినారు, ఇక శాంతి దయచేయుడని దాని సారాంశం. గవర్నరు ఆ మాటను పట్టుకొని పరువుతో వెనుదిరిగినాడు. గెలిచినవాడు ఓడినట్లు వ్రాసి, ఓడినవానికి గెలుపును దానం చేసిన ఘట్టాలు చరిత్రలో అరుదు.

1854లో ఆంగ్లేయులు ఆ ప్రాంతం నుండి తప్పుకోగా ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అనే బోయరు గణరాజ్యం వెలసినది. 1858లో ఒక యుద్ధం, 1865లో మరొకటి జరిగినవి. మొదటిదానిలో బసోతోలు నిలువగలిగినారు. రెండవదానిలో బోయర్లు కోటను పట్టుకొనలేకపోయినా పంటలు తగులబెట్టి, పశువులను తోలుకొనిపోయి దేశాన్ని ఆకలికి గురిచేసినారు. 1866లో ఒప్పందం పేర సాగునేలలో చాలాభాగం లాగుకున్నారు. వృద్ధుడైన మొష్వేష్వేకు ఇక రెండే మార్గాలు మిగిలినవి: బోయర్ల చేతిలో నశించడమో, బ్రిటిషు రాణి రక్షణ కోరడమో. ఆయన అంతకుముందే చాలాసార్లు ఆ రక్షణ కోరి ఉన్నాడు. తుదకు 1868 మార్చి 12న గవర్నరు వుడ్‌హౌస్ బసోతోలను బ్రిటిషు ప్రజలుగా ప్రకటించినాడు.

తన ప్రజలు రాణి కంబళిలోని పేలవంటివారని మొష్వేష్వే అన్నాడని చెపుతారు. ఈ మాటలో వినయం ఉన్నది, చమత్కారమూ ఉన్నది. కంబళి వెచ్చదనం మాది, దానిని దులపడం మీకు కష్టం అని దాని ధ్వని. అయితే ఈ రక్షణకు చెల్లించిన వెల తక్కువ కాదు. 1869లో ఆంగ్లేయులు బోయర్లతో చేసుకొన్న ఒప్పందంలో కాలెడన్ నదికి పడమర ఉన్న నేల బోయర్లకే దక్కినది. బసోతోలకు కొండలు మిగిలినవి, ధాన్యాగారం పోయినది. స్వాతంత్ర్యం ఇచ్చి ప్రాణం దక్కించుకొన్నారని ఒకరనవచ్చును. ప్రాణం దక్కింది గనుకనే మళ్ళీ స్వాతంత్ర్యం అడగగలిగినారని మరొకరనవచ్చును. మేము రెండవ పక్షం వారము. అయినా మొదటి పక్షంవారి బాధను కాదనలేము.

1870 మార్చి 11న మొష్వేష్వే మరణించినాడు. మరుసటి సంవత్సరమే బసోతోలను అడుగకుండా వారి దేశాన్ని కేప్ కాలనీకి అంటగట్టినారు. 1880లో కేప్ ప్రభుత్వం బసోతోల తుపాకులను అప్పగించుమన్నది. కష్టపడి వజ్రాల గనులలో పనిచేసి కొనుక్కొన్న తుపాకులవి. నాయకులు తిరుగబడినారు. 1881 వరకు సాగిన ఆ యుద్ధంలో కేప్ ప్రభుత్వం నెగ్గలేక తుపాకులను వారివద్దనే ఉండనిచ్చినది. 1884లో దేశం తిరిగి నేరుగా బ్రిటిషు రాజ్యాధికారం క్రిందికి వచ్చినది. ఈ చిన్న సంగతి పెద్ద ఫలితాన్ని ఇచ్చినది. కేప్ కాలనీలోనే ఉండిపోయినట్లయితే 1910లో ఏర్పడిన దక్షిణాఫ్రికా సమాఖ్యలో లెసోతో కలిసిపోయి ఉండేది. వర్ణవివక్ష శాసనాలన్నీ దానికి వర్తించి ఉండేవి. ఆ సమాఖ్య శాసనంలో తరువాత కలుపుకొనడానికి వీలు ఉంచినారు కాని బసోతోలు ఎన్నడూ సమ్మతించలేదు.

బ్రిటిషు పాలనలో నాయకుల అధికారం పెరిగి ప్రజల పిత్సో తగ్గినది. 1903లో వందమంది సభ్యులతో జాతీయ మండలి ఏర్పడినది. వారిలో 95 మందిని పరమనాయకుడు, ఐదుగురిని బ్రిటిషు ప్రతినిధి నియమించేవారు. పూర్వం ప్రజలకు జవాబు చెప్పే నాయకుడు ఇప్పుడు దొరలకు జవాబు చెప్పసాగినాడు. దీనిని నిలదీయడానికి 1919లో జొసియెల్ లెఫెలా సామాన్యుల సభ అనే సంస్థను స్థాపించినాడు. సామాన్యులకు మండలిలో చోటు కావాలనీ, పాత పిత్సో మర్యాదను మళ్ళీ నిలబెట్టాలనీ వారి కోరిక.

ధాన్యాగారం పోయిన దేశంలో పన్ను కట్టడానికి డబ్బు ఎక్కడిది? మగవారు కింబర్లీ వజ్రపు గనులకూ, 1886 తరువాత జొహానెస్‌బర్గు బంగారపు గనులకూ వలసపోయినారు. ఒక శతాబ్దంపాటు ఆ దేశపు మగతనం భూగర్భంలో గడచినది. 1970 తరువాత కొంతకాలం లక్షకు పైగా బసోతోలు ఆ గనులలో పనిచేసినారు. ఇంట పొలమూ, పిల్లలూ, ముసలివారూ స్త్రీల పాలైనారు. మరొక విశేషం: మగపిల్లలు పశువులు కాయడానికి పోతే ఆడపిల్లలు బడికి పోయినారు. అందువల్ల ఆ దేశంలో స్త్రీల అక్షరాస్యత పురుషులకంటె ఎక్కువ. ఓటు లేని పిత్సో నాటి స్త్రీ, పరమనాయకత్వానికి సైతం రాలేదనుకోరాదు. 1941 నుండి 1960 వరకు మన్‌త్సెబో అనే రాణి ప్రతినిధిగా దేశాన్ని ఏలినది.

1952లో న్త్సు మొఖెహ్లే స్థాపించిన కాంగ్రెసు పక్షం స్వరాజ్యం కోరినది. దానికి పోటీగా లెయాబువా జోనథన్ నేషనల్ పక్షాన్ని నెలకొల్పినాడు. మొదటిదానికి ప్రొటెస్టెంట్ల బలం, రెండవదానికి కాథలిక్కుల బలం ఎక్కువ. 1913 నుండి 1939 వరకు ఏలిన పరమనాయకుడు గ్రిఫిత్ కాథలిక్ మతం పుచ్చుకొన్నప్పటి నుండి ఆ శాఖ బాగా వ్యాపించినది. మొష్వేష్వే ఒకే పంచలో కూర్చుండబెట్టిన రెండు శాఖలు ఇప్పుడు రెండు ఎన్నికల గుర్తుల వెనుక నిలిచినవి. 1965 ఎన్నికలలో 60 స్థానాలకు గాను నేషనల్ పక్షం 31, కాంగ్రెసు 25 గెలిచినవి. 1966 అక్టోబరు 4న లెసోతో స్వతంత్రమైనది. మొష్వేష్వే వంశీయుడైన రెండవ మొష్వేష్వే రాజు, జోనథన్ ప్రధానమంత్రి.

తరువాతి కథ సుఖంగా సాగలేదు. రాజుకు నామమాత్రపు పదవి నచ్చలేదు. ప్రధానికి రాజు పలుకుబడి గిట్టలేదు. అదే సంవత్సరం డిసెంబరులో తాబా బోసియు వద్ద రాజు తలపెట్టిన సభను పోలీసులు చెదరగొట్టగా కొందరు మరణించినారు. శరణార్థులకు ప్రాణమిచ్చిన కొండ పాదాన స్వతంత్రదేశపు పోలీసులు స్వజనుల ప్రాణం తీయడం బాధాకరం. 1970 ఎన్నికలలో కాంగ్రెసు గెలుస్తున్నదని తేలగానే జోనథన్ రాజ్యాంగాన్ని నిలిపివేసినాడు. రాజు కొంతకాలం విదేశవాసం చేయవలసి వచ్చినది.

ఇంటి తగవునకు పొరుగువాని బలం తోడైనది. వర్ణవివక్షను ఎదిరించిన దక్షిణాఫ్రికా శరణార్థులకు లెసోతో ఆశ్రయమిచ్చినది. మొదటి మొష్వేష్వే నాటి మర్యాద అది. 1982 డిసెంబరు 9న దక్షిణాఫ్రికా సైనికులు రాజధాని మసేరులో రాత్రివేళ దాడి చేసి 42 మందిని చంపినారు. వారిలో 12 మంది బసోతోలు. 1986 జనవరిలో సరిహద్దులన్నీ మూసివేయగా దేశం ఉక్కిరిబిక్కిరి అయినది. ఆ నెలలోనే సైన్యాధిపతి లెఖాన్యా ప్రభుత్వాన్ని పడగొట్టినాడు. ఆ సంవత్సరమే అక్టోబరులో లెసోతో కొండల నీటిని దక్షిణాఫ్రికాకు ఇచ్చే ఒప్పందం జరిగినది. 185 మీటర్ల ఎత్తయిన కాత్సే ఆనకట్ట వెలసి, 1998 నుండి సొరంగాల గుండా నీరు పారుతున్నది. దానికి ప్రతిఫలంగా రొక్కం వస్తున్నది. లోయలలో నేలనూ పచ్చికబయళ్ళనూ కోల్పోయిన రైతులకు ఆ రొక్కంలో ఎంత చేరినదన్నది అక్కడివారు తరచు అడిగే ప్రశ్న.

1990లో సైన్యం రాజును తొలగించి కుమారుడైన మూడవ లెత్సియెను గద్దె ఎక్కించినది. 1993లో ఎన్నికలు జరిగి, మొఖెహ్లే ఎదురుచూచిన విజయం ఇరవై మూడు సంవత్సరాల ఆలస్యంగా దక్కినది. 1995లో కుమారుడు తండ్రికి గద్దెను తిరిగి అప్పగించినాడు. ఏడాదిలోగానే తండ్రి కారు ప్రమాదంలో మరణించగా మళ్ళీ సింహాసనమెక్కినాడు. 1998 ఎన్నికలలో ఒకే పక్షం 80లో 79 స్థానాలు గెలువగా ఓడినవారు అల్లర్లకు దిగినారు. దక్షిణాఫ్రికా, బోట్స్వానా సైన్యాలు వచ్చినవి. మసేరు నగరం చాలావరకు కాలిపోయినది.

ఆ బూడిదలోనుండి ఒక మంచి ఆలోచన పుట్టినది. గెలిచినవానికే సర్వస్వం దక్కే పద్ధతి తమ దేశానికి పనికిరాదని బసోతోలు గ్రహించినారు. 2002 నుండి 80 స్థానాలు నియోజకవర్గాల ద్వారానూ, 40 స్థానాలు పక్షాలకు వచ్చిన మొత్తం ఓట్ల నిష్పత్తినిబట్టీ నింపుతున్నారు. ఓడినవానికీ సభలో నోరు ఉంటుంది. ఇది పిత్సో సంప్రదాయానికి దగ్గరి చుట్టము. దీనివల్ల ప్రభుత్వాలు స్థిరపడినవని చెప్పలేము. 2012 తరువాత సంకీర్ణ ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కాని తగవు వీధిలోనుండి సభలోకి వచ్చినది.

1993 రాజ్యాంగం ప్రకారం రాజుకు కార్యనిర్వాహకాధికారం లేదు. ఆయన జాతికి చిహ్నం. పైసభలో 33 మంది సభ్యులు; అందులో 22 మంది ప్రధాన నాయకులు, తక్కినవారు నియమితులు. నేల ఎవ్వరి సొంతమూ కాదు, బసోతో జాతి అంతటిది. రాజు దానికి ధర్మకర్త. 1859 శాసనపు భావం నేటి రాజ్యాంగంలోనూ నిలిచి ఉన్నది. మతవిషయంలో జనులలో అత్యధికులు క్రైస్తవులు. ఆదివారం దేవాలయానికి పోయేవారే ఇంట మరణం సంభవిస్తే పితరుల పేర ఎద్దును కోస్తారు. రెండింటికీ పొత్తు కుదరదని గురువులంటారు, జనులు కుదుర్చుకున్నారు.

ఆ దేశపు జాతీయవాక్యంలో మూడు మాటలున్నవి: శాంతి, వాన, సమృద్ధి. వాన దైవాధీనం. సమృద్ధి ఇంకా చేతికి అందలేదు. మొదటి మాట ఒక్కటే మనుష్యుల వశంలో ఉన్నది. ఆ మాటను మొష్వేష్వే తన కాలంలో ఆచరించి చూపినాడు. ఆయన వారసులు కొన్నిసార్లు మరచినారు, కొన్నిసార్లు తలచుకొన్నారు. చిన్న దేశం పెద్ద దేశాల నడుమ నిలువడానికి కొండ ఒక్కటే చాలదనీ, వచ్చినవానిని చేర్చుకొనే మనస్సూ, ఎదిరించిన మాటను వినే సభా కావాలనీ లెసోతో చరిత్ర చెపుతున్నది. ఆ రెండూ ఉన్ననాడు ఆ దేశం బలవంతులను నిలువరించినది. అవి లేనినాడు దానికి శత్రువు బయటినుండి రానవసరం లేకపోయినది.